రమణక్క మాటను ఎవరూ కాదనలేదు

కుంకుడుపుట్టుకి వచ్చే జీపు రోడ్డు ఊరి మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి కాలిబాటే. ఆ బాట మీద పదిహేనేళ్ల పాటు అందరికంటే ఎక్కువ నడిచిన మనిషి కొర్రా రమణి. కుంకుడుపుట్టుకీ, కొండ మీదున్న మరో మూడు గూడేలకీ ఆవిడే ఆశా కార్యకర్త. ఎవరికి ఎన్నో నెల, ఏ బిడ్డకు ఏ టీకా మిగిలింది, ఎవరి మొగుడు మలేరియా మాత్రలు సగంలో మానేసి చూరులో దాచాడు, అన్నీ రిజిస్టరులోకి ఎక్కకముందే ఆవిడ నోటికి వచ్చేవి. నలభై దాటినా నడకలో ఎవరికీ అందేది కాదు. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ రమణక్కే.

మార్చి నెలలో ఒక ఉదయం రమణక్క సంచీ భుజాన వేసుకుని సుక్రి ఇంటికి వెళ్లింది.

"సుక్రీ! ఓ సుక్రీ! నీకు ఎనిమిదో నెల పడింది. సోమవారం స్కానింగుకి పోవాల. కాగితాలన్నీ తీసి ఉంచు. బండొచ్చీసినాక ఎతుకులాడుకుంటే నానూరుకోను."

సుక్రి గుమ్మంలోకి వచ్చింది. ఆమె చంకలో ఒక ఆడపిల్ల ఉంది. ఏడాదిన్నర దాటిన పిల్ల. చేతిలో ఉడకబెట్టిన చిలగడదుంప ముక్క పట్టుకుని నెమ్మదిగా చప్పరిస్తోంది.

"అలగే అక్కా, తీసి ఉంచుతాను," అంది సుక్రి.

రమణక్క ఆమె పొట్టకేసి చూసింది. వందల కడుపులు చూసిన కళ్లు అవి. ఎనిమిదో నెల ఇలా ఉండదు. నాలుగో నెల కూడా ఇలా ఉండదు.

"తిండి తింటన్నావా నేదా? కడుపేదే నీకు?"

"తింటన్నానక్కా."

"ఈ గుంటెవులు?"

సుక్రి తడబడింది. "మా అప్ప కూతురక్కా," అంది, చూపు పక్కకు తిప్పుకుని.

అప్పుడే ఆ పిల్ల సుక్రి చెంప పట్టుకుని తన వైపు తిప్పుకుంటూ, "అమ్మా," అంది. దుంప ముక్క తల్లి నోటికి అందించబోయింది.

రమణక్క అక్కడే నిలబడిపోయింది. పిల్ల ముక్కు సుక్రి ముక్కే. కనుబొమల మధ్య గీత సుక్రి మొగుడిది. సుక్రి సొంత అక్క పెళ్లి చేసుకుని సాలూరు వైపు వెళ్లిందనీ, ఆవిడకి ఇద్దరూ మగపిల్లలేననీ రమణక్కకు బాగా తెలుసు. కాన్పులకి పుట్టింటికి వచ్చినప్పుడు వాళ్లకి పోలియో చుక్కలు వేసింది తనే. మరి ఈ పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది? అడుగుదామనుకుంది. అడిగితే సుక్రి ఏదో ఒకటి చెబుతుంది, అది విన్నాక ఇంకా అయోమయంగా ఉంటుంది. ఈమధ్య ఎవరిని ఏమడిగినా అలాగే అవుతోంది. సంచీ సవరించుకుని ఆవిడ బయటికి నడిచింది. వెనక సుక్రి పిల్లను గుండెకి అదుముకుని ఏడుస్తోందని ఆవిడకు తెలియదు.

సుక్రికి ఆ పిల్ల పుట్టి అప్పటికి ఇరవై నెలలు. పుట్టిన రోజే రమణక్క పడిపోయింది.

అది ఆషాఢ మాసం, ముసురు పట్టిన రోజు. కొండ మీద ఎగువ బల్లుగుడలో పుట్టింటికి వెళ్లిన సుక్రికి తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు జీపు రోడ్డు దాటి రాలేదు. కర్రకి దుప్పటి కట్టి, డోలీ చేసి, నలుగురు మగవాళ్లు ఆమెను మోసుకొచ్చారు. రమణక్క ముందు నడుస్తూ దారికి అడ్డంగా పారే గెడ్డలో నీళ్ల లోతు చూస్తోంది. పాచి పట్టిన బండ మీద కాలు జారి వెనక్కి పడింది. తల రాయికి తగిలిన చప్పుడు డోలీలో ఉన్న సుక్రికి కూడా వినిపించింది. అయినా రమణక్క లేచి కూర్చుంది. "నాకేటీ అవనేదు, బేగి దాన్ని ఎత్తండి," అని కసిరింది కూడా. గెడ్డ దాటాక పదడుగులు వేసి కుప్పకూలిపోయింది.

సుక్రిని రోడ్డు మీద దింపి, అదే డోలీతో వెనక్కి వెళ్లి రమణక్కను మోసుకొచ్చారు. ఇద్దరినీ ఒకే అంబులెన్సులో ఎక్కించారు. సుక్రి అరకులో కన్నది. రమణక్కను విశాఖ పెద్దాసుపత్రికి పంపారు. తలకి ఆపరేషన్ అయింది. పందొమ్మిది రోజులు కళ్లు తెరవలేదు.

రెండు నెలల తర్వాత ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ తన కాళ్ల మీదే జీపు దిగింది. మాట స్పష్టంగా ఉంది. చుట్టాలు చూడ్డానికి వచ్చి, "బానే ఉంది గదా, మరేటి దిగులు?" అని భర్త మంగ్లుకి ధైర్యం చెప్పి వెళ్లారు. పడకముందు సంగతులు ఏవడిగినా ఆవిడ గడగడా చెప్పేది. పడిన తర్వాతవే నిలిచేవి కావు. కొన్ని నిలిచేవి, కొన్ని జారిపోయేవి. ఏవి నిలుస్తాయో ఎవరికీ అంతుపట్టలేదు. మధ్యాహ్నం తిన్న కూర గుర్తుండదు, కానీ ఆ కూర వండేటప్పుడు కూతురు విసుక్కుందన్న బాధ మూడు రోజులు ఉంటుంది.

మొదట్లో అందరూ నిజమే చెప్పారు. నువ్వు పడిపోయావు, తలకి దెబ్బ తగిలింది అని. విన్న ప్రతిసారీ అది ఆవిడకు కొత్త వార్తే. ప్రతిసారీ గోడకి తల కొట్టుకుని ఏడ్చేది. ఆపరేషన్ చేసిన తల అది. మంగ్లు హడలిపోయాడు. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ఎవరో, "ఆవిడ మనసు కష్టపెట్టకండి," అన్న మాట అతనికి గుర్తుంది. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఊరి పూజలు చేసే దిసారిని పిలిచి కోడిని కోయించాడు. చర్చికి వెళ్లే పొరుగువాళ్లు వచ్చి ప్రార్థన చేస్తామంటే చేయించాడు. ఏదీ పనిచేయకపోయేసరికి చేతులు జోడించుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

"అది ఏది సెప్పినా అలగేననండి. కాదని మాత్రం అనొద్దు. మీ కాళ్లట్టుకుంటాను."

ఊరు ఒప్పుకుంది. పదిహేనేళ్లు తమకు చేసిన మనిషికి ఆ మాత్రం చెయ్యలేమా అనుకున్నారు. అప్పటి నుంచి రమణక్క పొద్దున్నే సంచీ తగిలించుకుని బయలుదేరేది. ఎప్పుడో పుట్టేసిన బిడ్డల తల్లులకు పురుటి జాగ్రత్తలు చెప్పేది. చనిపోయిన ముసలమ్మ బీపీ ఎలా ఉందని కోడలిని అడిగేది. "బాగానే ఉందక్కా," అనేది కోడలు. అంతా ఆవిడ మీద ప్రేమతోనే.

కానీ రమణక్క తెలివితక్కువది కాదు. దెబ్బ తగిలాక కూడా కాదు. ఎక్కడో ఏదో అతకడం లేదని ఆవిడకి తెలుస్తూనే ఉండేది. పదో తరగతి చదివే కూతురు ప్రసన్న హాస్టల్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు ఆమె సంచిలో ఇంటర్ పుస్తకాలు కనిపించేవి. అడిగితే ప్రసన్న తండ్రి ముఖం చూసి, "నా ఫ్రెండువి అమ్మా," అనేది. అద్దంలో చూసుకుంటే చెవి వెనక నుంచి నడినెత్తి దాకా జుట్టు మొలవని గీత ఒకటి. మంగ్లుని అడిగితే, "సిన్నప్పటిదేలే," అన్నాడు. చిన్నప్పటి నుంచీ తన తల తనే దువ్వుకుంటున్న మనిషికి ఆ మాట ఎలా మింగుడు పడుతుంది?

ఆ ఏడాది కాఫీ పూసినప్పుడు మరీ విచిత్రం జరిగింది. వేసవి తొలి జల్లు పడిన వారానికి తోటంతా తెల్లబడింది. రమణక్క కొమ్మ వంచి ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. వాసన లేదు. ఇంకో మొక్క దగ్గరికి వెళ్లింది. అక్కడా లేదు. ఏటేటా మల్లెపూల దండలా ఊరంతా కమ్ముకునే వాసన అది.

"మావా, ఈ ఏడు పూత పాడైపోయింది. ఒట్టి కాయితం పూలు," అంది మంగ్లుతో.

మంగ్లు గట్టిగా ఊపిరి పీల్చాడు. వాసన గుప్పుమంటోంది. "అవునే, పాడైపోయింది," అన్నాడు.

రెండు రోజులాగి సంతకి వెళ్లే ఆడవాళ్లు, "పూత వాసన భలేగుందే ఈ ఏడు," అనుకుంటూ ఇంటి ముందు నుంచి నడిచారు. రమణక్క అరుగు మీద కూర్చుని ఆ మాట విన్నది. మొగుడు అబద్ధమాడుతున్నాడా, వీళ్లు అబద్ధమాడుతున్నారా, తనకే ఏదైనా అయిందా? ఈ మూడో ఆలోచన రాగానే చలి పుట్టింది. లోపలికి వెళ్లి దుప్పటి కప్పుకుని పడుకుంది.

టీకాల రోజున అసలు సంగతి బయటపడింది.

నెలకోసారి అంగన్వాడీలో టీకాలు వేయడానికి నూకరత్నం సిస్టర్ వస్తుంది. అనకాపల్లి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఏజెన్సీలోనే నర్సు ఉద్యోగం చేస్తున్న మనిషి. రమణక్కతో కలిసి కొండలన్నీ ఎక్కింది. అందుకే ఆవిడ ఎదుట పడలేక, టీకాల రోజున ఆవిడను ఇంట్లోనే ఉంచమని మంగ్లుకి ముందే కబురు పెట్టేది. ఆ రోజు మంగ్లు మిరియాలు కోయడానికి తోటకి వెళ్లాడు. రమణక్క సంచీ తగిలించుకుని నేరుగా అంగన్వాడీకి వచ్చేసింది.

లోపల ఇరవై అయిదేళ్ల అమ్మాయి ఒకతె ఆశా చీర కట్టుకుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని పేర్లు పిలుస్తోంది. ఆ అమ్మాయి నీలవేణి, దిగువ గూడెం ఆడపడుచు. రమణక్క స్థానంలో చేరి అప్పటికి ఏడాది దాటింది.

"ఎవర్తివే నువ్వు? నా రిజిస్టరు నీ సేతికెలగొచ్చింది?"

నీలవేణి లేచి నిలబడింది. "నానక్కా... ఊరికే రాత్తన్నాను. నీకు సాయం."

"సాయానికి సీర కూడా ఇచ్చీసినారా?"

పిల్లలనెత్తుకున్న తల్లులందరూ నేల చూపులు చూశారు. రమణక్క రిజిస్టరు లాక్కుంది. పేజీలు తిప్పింది. ఎక్కడా తన రాత లేదు. కోపంతో భుజాన ఉన్న సంచీ విసిరికొట్టింది. అందులోంచి మాత్రల అట్టలు చిందరవందరగా పడ్డాయి. రమణక్క వంగి ఒకటి తీసింది. ఖాళీ. ఇంకొకటి తీసింది. అదీ ఖాళీయే. ఒక్క దాంట్లో కూడా మాత్ర లేదు. ప్రమాదం జరగకూడదని మంగ్లు ఎప్పుడో మందులన్నీ తీసేసి ఉత్త అట్టలు నింపాడు.

ఆవిడ ఆ అట్ట పట్టుకుని అందరి ముఖాల్లోకీ చూసింది. "ఏటిది? ఎవులైనా సెప్పండి. నాకేటైంది?"

నూకరత్నం సిరంజి పక్కన పెట్టి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"రమణీ, నువ్వు గెడ్డలో పడిపోయేవు. తలకి దెబ్బ తగిలింది. రెండేళ్లు కావొస్తంది. ఇప్పుడీ పని నీలవేణి సేస్తంది."

గోడకి తల కొట్టుకుంటుందేమోనని ఇద్దరు ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. రమణక్క కొట్టుకోలేదు. మెల్లగా, "మళ్లా సెప్పు," అంది. నూకరత్నం అవే మాటలు మళ్లీ చెప్పింది. "మళ్లా." మళ్లీ చెప్పింది. ఒక్క మాట మార్చలేదు.

"ఇది అందరికీ తెలుసా?"

"అందరికీ తెలుసమ్మా."

"నాకు తప్ప?"

వరసలో సుక్రి ఉంది. రమణక్క ఆమె దగ్గరికి నడిచి పిల్ల గడ్డం పట్టుకుంది. "ఇది నీ కూతురేనా?"

"నా కూతురేనక్కా," సుక్రి భోరుమంది. "నువ్వు నన్ను మోయించుకొచ్చిన రోజే పుట్టింది. సిమించక్కా. నావల్లే అయింది నీకిదంతా."

ఆ పిల్ల ఎవరో తెలిసింది. అయినా రమణక్కకు ఊరట కలగలేదు. తెలిసిన మనుషులంతా ఒక్కసారిగా తెలియనివాళ్లయిపోయినట్టు అనిపించింది. ఇన్నాళ్లూ ఏది నిజం, ఏది కాదు? ముసలమ్మ బతికే ఉందా? కాఫీ పూలకు వాసన ఉందా? ఎవరిని అడగాలి, అడిగితే ఎవరి మాట నమ్మాలి?

తర్వాత నాలుగు రోజులు ఆవిడ మంగ్లుతో మాట్లాడలేదు. రెండో రోజుకే ఎందుకు మాట్లాడటం లేదో మరిచిపోయింది. అంగన్వాడీ లేదు, సంచీ లేదు, ఏదీ గుర్తు లేదు. కోపం మాత్రం గుండెల మీద రాయిలా ఉంది. నాలుగో రోజు పొద్దున రాగి అంబలి తాగుతూ అడిగింది.

"మావా, నీ మీద నాకెందుకో శానా కోపంగా ఉంది. ఏటి సేసినావు?"

మంగ్లు చేతిలో గిన్నె ఆగిపోయింది. ఏమీ లేదనేస్తే సరిపోతుంది. ఆవిడకి గుర్తు లేదు. రెండేళ్లుగా చేస్తున్నది అదే. కానీ ఆ రోజు నోరు రాలేదు.

"అబద్ధాలు సెప్పినాను," అన్నాడు. "శానా సెప్పినాను. ఊరి సేత కూడా సెప్పించినాను."

"ఎందుకు?"

"నిజం సెప్తే తల కొట్టుకునీదానివి. సచ్చిపోతావని బయమేసింది."

రమణక్క అతని ముఖం చూస్తూ కూర్చుంది. కోపం పోలేదు. కానీ దానికో కారణం దొరికింది. కారణం దొరికాక కోపం కాస్త తేలికైనట్టు తోచింది. సాయంత్రానికి ఆ కారణం మళ్లీ పోయింది. మళ్లీ అడిగింది. మంగ్లు మళ్లీ చెప్పాడు.

ఆ వారంలోనే నూకరత్నం ఇంటికి వచ్చి మంగ్లుని బయటికి పిలిచింది. అరకు బజారులో పద్మావతి అని ఒక బట్టల కొట్టావిడ ఉందనీ, ఆవిడ భర్తకి కూడా తలకి దెబ్బ తగిలిందనీ, అలాంటి వాళ్లూ వాళ్ల ఇంటివాళ్లూ నెలకోసారి సంత రోజున ఆ కొట్టు వెనక గదిలో కూర్చుంటారనీ చెప్పింది. "మందులేటీ ఇవ్వరు. మాటాడుకుంటారంతే. ఎల్లి సూడు, పోయేదేముంది?"

పద్మావతి వాళ్లది సాలూరు. పాతికేళ్ల కిందట అరకు వచ్చి కొట్టు పెట్టారు. ఆరేళ్ల కిందట భర్త సర్వేశ్వరరావు మోటారు సైకిల్ మీద ఘాట్ దిగుతూ మలుపులో పడిపోయాడు. కుడి చెయ్యి చచ్చుబడింది. మాటలన్నీ పోయి ఒకటే మిగిలింది. ఆకలేసినా, కోపం వచ్చినా, మనిషిని పలకరించాలన్నా "రెండు మీటర్లు" అనడమే. మొదటి ఏడాది సిగ్గుతో పద్మావతి ఆయన్ను గదిలోనే ఉంచేసింది. ఒకసారి ఆసుపత్రి బెంచీ మీద తనలాంటి భార్యే ఇంకొకామె కలిసింది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకుని ఏడ్చారు. వచ్చే సంతకి మా కొట్టుకి రమ్మంది పద్మావతి. అలా ఇద్దరితో మొదలైనది ఏడు కుటుంబాలైంది. ఫిజియోథెరపీ చేసే గాయత్రి మేడం వీలైనప్పుడల్లా వచ్చి కూర్చునేది.

మంగ్లు రమణక్కను తీసుకుని వెళ్లాడు. గదిలో చీరల మూటల మీద, బెంచీల మీద పది పదిహేను మంది కూర్చుని ఉన్నారు. ఒకామె తన మొగుడి చొక్కా గుండీలు పెడుతోంది. ఒక నడివయసు లారీ డ్రైవరు నిష్కారణంగా నవ్వుతున్నాడు, పక్కన అతని తల్లి అతన్ని ఊరుకోమనకుండా టీ తాగుతోంది. రమణక్క అందరినీ ఒకసారి కలియజూసింది. నడుం బిగించి రంగంలోకి దిగింది.

"నీ పేరేటమ్మా? ఎన్నాళ్లయింది ఈయనకి? బీపీ సూపించినారా?"

గుండీలు పెడుతున్నామె జవాబు చెప్పబోయి ఆగింది. మంగ్లు తల దించుకున్నాడు. పద్మావతి టీ గ్లాసు తెచ్చి రమణక్క చేతిలో పెట్టింది.

"అమ్మా రమణీ, ఇవాళ నువ్వు సర్వేకి రాలేదు. నీకూ తలకి దెబ్బ తగిలింది. మా ఆయనకి మల్లేనే. నీ కోసమే మీ ఆయన తీసుకొచ్చేరు."

"నాకా?" రమణక్క ముఖం ఎర్రబడింది. గ్లాసు కిందపెట్టేసింది. "నానాశా కార్యకర్తని. పిచ్చోళ్లలో కూకోబెట్టినావేటి మావా నన్ను?"

ఎవరూ వారించే లోపల కొట్టులోంచి సంతలోకి నడిచేసింది.

ఇరవై ఏళ్లుగా తిరిగిన సంత అది. పసుపు కొమ్ములు ఎక్కడ, అడ్డాకులు ఎక్కడ, ఎండుచేపలు ఎక్కడ, కళ్లు మూసుకున్నా చెప్పగలదు. ఎండుచేపల వరస దాటితే జీపులు. అంతే. కానీ తల దెబ్బతో వాసనే తెలియకుండా పోయిన ఆవిడకు ఎండుచేపల వాసన తగల్లేదు. తెలియకుండానే ఆ వరస దాటి వెళ్లిపోయింది. ఇనప సామాన్లు వచ్చాయి. కోళ్లు వచ్చాయి. మళ్లీ ఇనప సామాన్లు. తను ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరితో వచ్చింది? ఎవరి మీదో కోపంతో నడుస్తోంది, ఎవరి మీద? జనం మధ్య నిలబడిపోయి ఆవిడ సంచీ కోసం భుజం తడుముకుంది. సంచీ లేదు.

చింతపండు అమ్ముకుంటున్న ఒక ఆడమనిషి తలెత్తి చూసింది. "రమణక్కవి గదూ? నా పెద్దగుంటడికి సూదులేయించినావు. ఎటెల్లాల?"

"తెలీదమ్మా," అంది రమణక్క. ఏడుపు ముంచుకొచ్చింది. ఊళ్లో ఎవరితోనూ ఆవిడ ఆ మాట అనలేదు. "నాకు తెలీదు."

ఆ మనిషి కొట్టు వదిలి రాలేక పక్కామెను కేకేసింది. పక్కామె నాలుగు దుకాణాల అవతల దాకా చెయ్యి పట్టుకుని నడిపించి, ఇంకొకరికి అప్పగించింది. అలా చేతులు మారుతూ ఉండగా, పరుగున వెతుక్కుంటూ వస్తున్న మంగ్లు ఎదురయ్యాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

వెనక్కి వచ్చి చూస్తే ఎవరూ వెళ్లిపోలేదు. ఎవరూ ఏమైందని అడగలేదు. సర్వేశ్వరరావు ఎడమ చేత్తో తన పక్కనున్న స్టూలు ముందుకి జరిపి, "రెండు మీటర్లు," అన్నాడు ఎంతో మర్యాదగా. రమణక్క ఆయన ముఖంలోకి చూసింది. కూర్చుంది.

మంగ్లు అప్పుడు నోరు తెరిచాడు. రెండేళ్లుగా ఎవరి ముందూ తెరవనిది. "అలగేననమన్నాను ఊరందరినీ. తప్పు సేసినానా మేడం?"

"తప్పని ఎలా అంటాను మంగ్లూ? మీకు ఎవరూ చెప్పలేదు," అంది గాయత్రి. "కానీ ఆవిడ వైపు నుంచి చూడండి. కళ్లకి ఒకటి కనిపిస్తోంది, మనుషులు ఇంకొకటి చెబుతున్నారు. ఏది పట్టుకోవాలి? చిన్న మాట చెప్పండి. నిజం చెప్పండి. అందరూ అదే మాట, ప్రతిసారీ అదే. ఏడిస్తే పక్కన కూర్చోండి."

"అది మా రమణేనా కాదా అని నాకే తెలీకుండా ఉంటాది ఒక్కోపాలి."

ఈసారి పద్మావతి అందుకుంది. "మా ఆయన కొన్ని రోజులు ఆయనే. కొన్ని రోజులు ఎవరో. ఇద్దరికీ అన్నం పెడతన్నాను మరి." గదిలో అందరూ నవ్వారు. మంగ్లు నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. రమణక్క ఇవన్నీ వింటూనే ఉంది. తన గురించేనని కాసేపు తెలిసింది, కాసేపు తెలియలేదు.

కుంకుడుపుట్టు వచ్చాక మంగ్లు మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. ఈసారి అడిగింది సరిగ్గా వ్యతిరేకం. అబద్ధం చెప్పడం కంటే ఇది ఊరికి కష్టమైంది. కొందరు ఆవిడ కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేవారు. ఇంకొందరు మరీ ఉత్సాహపడ్డారు. ఉప్పు అడగడానికి వెళ్లినా, "అక్కా, నీకు తలకి దెబ్బ తగిలింది," అని మొదలుపెట్టేవారు. రోజుకి పదిసార్లు ఆ మాట విని ఒకనాడు రమణక్క, "తగిలింది, తగిలింది! ఉప్పు ఇత్తావా ఇవ్వవా?" అని కేకలేసింది. ఆ రోజు ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నారు. అప్పటి నుంచి కాస్త సర్దుకుంది. అడిగితే చెప్పడం, అడగకపోతే ఊరుకోవడం అలవాటైంది. వేసవి సెలవులకి వచ్చిన ప్రసన్న, "నేను ఇంటర్ ఫస్టియర్ పూర్తి చేశానమ్మా," అని మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రమణక్క ఆ పుస్తకం చాలాసేపు తిరగేసింది. కూతురి రెండేళ్లనీ ఎక్కడో పోగొట్టుకున్నట్టు ఏడ్చింది. ప్రసన్న పారిపోకుండా పక్కన కూర్చుంది.

నీలవేణి కొన్నాళ్లకు ధైర్యం చేసి రిజిస్టరు పట్టుకుని ఇంటికి వచ్చింది. "అక్కా, బల్లుగుడలో కిల్లోవారి సిన్న కోడలికి నెలలు నిండుతున్నాయి. ఆ ఇంట్లో తొలికానుపుకి రత్తం శానా పోయిందంటన్నారు. ఎవులికి?"

"సిన్నదానికే," అంది రమణక్క టక్కున. మరుక్షణం ఆగింది. "కాదు, పెద్దదానికి. ఉండు. వానాకాలం అది. నాను సెప్పులు సేత్తో పట్టుకుని నడిసినాను... ఇద్దరికీ నానేనా ఎల్లినాను?" తల పట్టుకుంది. "నన్ను నమ్మకే గుంటా. పాత రిజిస్టరు సూడు."

పాత రిజిస్టరు సబ్‌సెంటరు బీరువాలో దొరికింది. రక్తం పోయింది పెద్ద కోడలికేనని రమణక్క ముత్యాల్లాంటి రాతతో అందులో ఉంది. అయినా నీలవేణి చిన్నామెను ముందుగానే అరకులో పురుటి వరకు ఉంచే గదికి చేర్చింది. కాన్పు మామూలుగానే అయింది. ఆ తర్వాత నుంచి వారానికి ఒకసారి నీలవేణి ఇంటికి రావడం, రమణక్క పాత సంగతులు చెప్పడం, అందులో సగం సరైనవీ సగం కలగాపులగమైనవీ కావడం, ఇద్దరూ రిజిస్టరులో వెతుక్కోవడం జరుగుతూ వచ్చింది. సంచీ మాత్రం మంగ్లు మళ్లీ ఇవ్వలేదు. ఆవిడ దాని కోసం అడగని రోజు లేదు.

వానలు తగ్గాక ఒక సంత రోజున కొట్టు వెనక గదికి కొత్తవాళ్లు వచ్చారు. డుంబ్రిగుడ వైపు నుంచి ఒక ముసలాయన, జీపు మీద నుంచి పడిన కోడలిని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి కూర్చుంది. ముసలాయనకి ఎవరిని అడగాలో తెలియలేదు. గదిలో అందరికంటే నిబ్బరంగా కనిపించింది రమణక్కే. ఆవిడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఎన్నాళ్లకి తగ్గుతాది ఇది?"

రమణక్క ఆలోచించింది. తనకు తగ్గిందా? తగ్గకపోతే ఇక్కడికెందుకు వస్తోంది? తగ్గితే మాత్రం ఎందుకు వస్తోంది? కాసేపటి కిందట ఎవరో తన గురించి ఏదో చెప్పారు, అది నిజమే అనిపించింది, ఇప్పుడు గుర్తు లేదు.

"తెలీదు బాబూ," అంది. "నాకూ తలకి దెబ్బ తగిలిందంట. ఈలంతా అదే మాట సెప్తన్నారు. రా, ఇలగ కూకో. నీ కోడలి పేరేటి?"

ఆయన పేరు చెప్పాడు. ఆవిడ ఆ అమ్మాయి పక్కకి జరిగి ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. కాసేపయ్యాక మళ్లీ తలెత్తి, "ఈ గుంట పేరేటన్నావు?" అని అడిగింది. ముసలాయన మళ్లీ చెప్పాడు.